బొమ్మ చూసి చెబుతున్నాడు, అక్షరం చూసి కాదు: డిస్లెక్సియా ఉన్న పిల్లల కోసం చేస్తున్న ఆటకు సలహా కావాలి

పెన్నా_ఒడ్డు
నెల్లూరులో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకుని బతుకుతున్నాను. మా అక్క కొడుకు నాలుగో తరగతి. వాడికి డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందని నిరుడు చెన్నైలో పరీక్షలు చేసి తేల్చారు. వాడు మాటకారి. నోటి లెక్క అడిగితే చిటికెలో చెబుతాడు కానీ, పుస్తకం తెరిచేసరికి గొంతు పెగలదు. వాడి కోసం ఫోనులో ఆడుకునే బొమ్మల ఆట ఒకటి ఆరు నెలలుగా తయారు చేస్తున్నాను. తెర మీద ఒక బొమ్మ, దాని కింద మూడు మాటలు ఉంటాయి. సరైన మాటను తాకితే బొమ్మ కదులుతుంది.

మొన్న ఆదివారం 40 బొమ్మలకు 38 సరిగ్గా చెప్పాడు. మా అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకే ఏదో అనుమానం వచ్చి, బొమ్మ మీద అరచేయి అడ్డం పెట్టి, కింద ఉన్న ‘పలక’ అనే మాటను చదవమన్నాను. వాడు అక్షరాల వైపు చూడకుండా నా వేళ్ల సందుల్లోంచి బొమ్మ కోసం వెతికాడు. చేయి తీయనని తెలిశాక ‘పడవ’ అన్నాడు. ఆరు నెలల పాటు నేను వాడికి నేర్పింది చదవడం కాదని, ఊహించడమని అప్పుడు అర్థమైంది. ఈ ఆటను బాగుచేయవచ్చా, లేక మొత్తం పక్కన పెట్టేసి మొదటి నుంచి చేయాలా?

కోడ్_గిత్త
పక్కన పెట్టవద్దు. 38 మార్కులు వచ్చిన ఆటను పారేస్తారా? ప్రతి తెరకు 10 సెకన్ల గడువు పెట్టండి, బొమ్మను రెండు సెకన్లలో మాయం చేయండి, గెలిస్తే నాణేలు ఇవ్వండి. ఒంగోలులో మా ఇంటి పిల్లలు నాణేల కోసం అన్నం కూడా మానేస్తారు.

మాటల_వైద్యం
గడువు మాత్రం పెట్టవద్దు. నేను స్పీచ్ థెరపిస్టును, ఇలాంటి పిల్లలతోనే పని చేస్తాను. తెలుగు రాసినట్టే పలికే లిపి కాబట్టి మన పిల్లల్లో డిస్లెక్సియా తప్పుల కంటే ఆలస్యంగా ఎక్కువ బయటపడుతుంది. ఇటాలియన్, జర్మన్, ఫిన్నిష్ వంటి భాషల్లోనూ ఇదే కనిపించింది. పిల్లవాడు సరిగ్గానే చదువుతాడు కానీ ఒక్కో అక్షరాన్నీ బావిలోంచి చేదినట్టు చదువుతాడు. అటువంటి వాడి ముందు గడియారం పెడితే, వాడికి ఏది రాదో దాన్నే కొలిచి చూపించినట్టు అవుతుంది.

పెన్నా_ఒడ్డు గారు, 38 ఎలా వచ్చాయో చెప్పగలను. ‘పలక’ బొమ్మ కింద మీరిచ్చిన మిగతా రెండు మాటలు ఏమిటి?

పెన్నా_ఒడ్డు
‘మేక’, ‘బండి’.

మాటల_వైద్యం
అంతే మరి. వాడికి బొమ్మ ‘పలక’ అని చెప్పేసింది. ‘ప’ ఒక్కటి గుర్తుపడితే పని అయిపోయింది, ‘లక’ జోలికి వెళ్లవలసిన అవసరమే రాలేదు. మీరు మూడు మాటలనూ మూడు వేరువేరు అక్షరాలతో మొదలుపెట్టారు. అక్కడ ‘పలక, పడవ, పనస’ ఉంటే ఆ ఆదివారమే సంగతి బయటపడేది.

గూడబాతు
మాది సూళ్లూరుపేట. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ‘ఆవు’ను ‘ఆమ’ అని చదివింది. పక్కన బొమ్మ ఉంటే మాత్రం ఎన్నడూ తప్పదు. అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయేమోనని రెండుసార్లు కళ్ల డాక్టరుకు చూపించాము, చూపులో లోపం లేదన్నారు. పిల్లలకు అక్షరాలు ఎగురుతూ కనిపిస్తాయని టీవీలో చూపిస్తారు కదా, అది నిజమేనా?

మాటల_వైద్యం
అలా చూపిస్తే టీవీలో బాగుంటుంది, అందుకే చూపిస్తారు. 1887లో ‘డిస్లెక్సియా’ అని పేరు పెట్టిన రుడాల్ఫ్ బెర్లిన్ కళ్ల వైద్యుడే, ఆ తర్వాత తొలి రోజుల్లో దీని గురించి రాసిన వారిలోనూ కళ్ల వైద్యులు ఉన్నారు. అందువల్ల కంటి జబ్బు అనే భావన చాలా కాలం నిలిచిపోయింది. చాలామంది పిల్లల్లో చిక్కు ఉండేది మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలోనూ, ఆ ధ్వనిని అక్షరంతో ముడి వేయడంలోనూ.

మీ అమ్మాయి చేసిన తప్పు మాత్రం అచ్చంగా మన లిపి తప్పు. ‘వు’, ‘మ’ పక్కపక్కన రాసి చూడండి. కొమ్ము కింద నుంచి వచ్చిందా, పక్క నుంచి వచ్చిందా అన్నంత తేడాయే ఉంటుంది. ఇంగ్లీషు ఆటల్లో బీ, డీ తారుమారు కావడం గురించి పెద్ద అధ్యాయం ఉంటుంది. దాన్ని తెలుగులోకి తెచ్చి అతికించేవారు ‘వు’, ‘మ’ సంగతి ఎత్తరు.

కావలి_పంతులమ్మ
ఇరవై ఏళ్లుగా ఒకటి, రెండు తరగతులకు చెబుతున్నాను. బడిలో అక్షరమాల దగ్గర ఆగిపోయే పిల్లలు తక్కువ. గుణింతాల దగ్గర సగం మంది, వొత్తుల దగ్గర మిగిలిన సగం మంది తడబడతారు. హల్లులు ముప్పై, గుణింతాలు పన్నెండేసి అనుకున్నా 360 రూపాలు అవుతాయి. ఇంగ్లీషు పిల్లవాడికి 26 అక్షరాలు. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన అధ్యయనాల్లో కూడా, మన వంటి లిపులలో అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక బడిలో కొన్నేళ్లు పడుతుందని తేలింది. మామూలు పిల్లలకే అంత కాలం పడుతుంది.

అయితే మన గుర్తుల పేర్లలోనే బొమ్మలు ఉన్నాయి కదా? తలకట్టు అంటే పాగా. గుడి అంటే గుడే. కొమ్ము అంటే కొమ్మే. వీటిని అలాగే బొమ్మలుగా గీస్తే సరిపోదా?

కోడ్_గిత్త
కొమ్ముకు మా ఒంగోలు గిత్తను వాడుకోవచ్చు. అద్దె అడగను.

మాటల_వైద్యం
పంతులమ్మ గారూ, ఆలోచన అందంగా ఉంది, అందుకే భయపడుతున్నాను. పిల్లవాడు గుడి బొమ్మను చూసి ‘గుడి’ అంటాడు, మనకు కావలసింది ‘ఇ’. పేరు ఒకటి, పలుకు ఇంకొకటి. ఈ పిల్లలకు ఇప్పటికే బరువైన మూటకు మనం మరో మూట కడుతున్నామేమో.

కావలి_పంతులమ్మ
మీ మాట వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ నిన్న తరగతిలో జరిగింది చెబుతాను. ‘క దీర్ఘమిస్తే కా, క గుడిస్తే కి’ అని పాటలా గడగడ చెప్పే ఒక అబ్బాయికి పలక మీద ‘కి’ ఒక్కటే రాసి చూపించాను. వాడు బొటనవేలితో చూపుడువేలు తాకి ‘క’ అన్నాడు, మధ్యవేలు తాకి ‘కా’ అన్నాడు, ఉంగరపు వేలి దగ్గర ఆగి, నా ముఖం చూసి ‘కి’ అన్నాడు. ప్రతిసారీ మొదటి నుంచి నడిచి వస్తున్నాడు. మధ్యలో దిగమంటే దిగలేడు. ఇన్నేళ్లూ నేను ఆ పాటను చదువు అనుకుని మార్కులు వేశాను.

పెన్నా_ఒడ్డు
అయితే గుర్తు తన పేరు చెప్పకుండా తన పలుకు పలికితే? ఇప్పుడే కాగితం మీద గీసి చూశాను. ‘క’ ఒక పిల్లవాడు, తల మీద పాగా. గుడిని వేలితో లాక్కొచ్చి వాడి నెత్తిన పెడితే పాగా కింద పడిపోతుంది, ఫోను ‘ఇ’ అని, ఆ వెంటనే ‘కి’ అని పలుకుతుంది. గుడి అనే మాటే ఎక్కడా వినపడదు. కొమ్ము తెచ్చినప్పుడు మాత్రం పాగా పడదు, ఎందుకంటే ‘కు’లో తలకట్టు అలాగే ఉంటుంది. ఇన్నేళ్లు అక్షరాలు రాస్తూ ఈ తేడాను నేను గమనించనే లేదు.

మాటల_వైద్యం
ఇది పని చేస్తుంది. ఇక్కడ బొమ్మ అర్థాన్ని చూపించడం లేదు, అక్షరం ఎలా కూడుతుందో చూపిస్తోంది. ‘పు’, ‘వు’ లాంటి వాటిని మాత్రం బాగా చివరకు పెట్టండి, వాటి కొమ్ము వేరే తీరు. వొత్తుల్లో కూడా త, న, మ, య, ర, ల వొత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు కాబట్టి, పోలిక ఉన్న గ, డ, ద వంటి వాటితో మొదలుపెట్టండి.

మార్కాపురం_పలక
ఇంతసేపూ చదివాను. మీరందరూ చెబుతున్నది ఫోను లేకుండానే జరుగుతుంది. మా ఊరు పలకలకు పేరు. బలపంతో నల్లరాతి పలక మీద రాస్తే చేతికి ఆ గరగర తెలుస్తుంది, రాయి వేలికి ఎదురు తిరుగుతుంది. అద్దం మీద వేలు జారిపోతుంది. మా అమ్మ పళ్లెంలో బియ్యం పోసి దిద్దించింది. కంటితో చూస్తూ, నోటితో పలుకుతూ, చేతితో దిద్దడం ఈ పిల్లలకు మంచిదని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారట. మా అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

కోడ్_గిత్త
పలక ‘కి’ అని పలకదు కదా, అన్నా.

మార్కాపురం_పలక
పక్కన కూర్చున్న మనిషి పలుకుతారు.

మాటల_వైద్యం
పలక గారు తెలిసి అన్నారో తెలియక అన్నారో కానీ, అసలు విషయం పట్టుకున్నారు. ఫిన్లాండులోని యువాస్క్యులా విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రాఫోగేమ్ అనే ఆట ఉంది. ధ్వని వినిపించి దానికి తగిన అక్షరాన్ని పట్టుకోమనడమే ఆ ఆట, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాని మీద పలు దేశాలలో జరిగిన అధ్యయనాలను 2020లో కలిపి చూసిన పరిశోధకులకు, మాటలు చదవడంలో సగటున చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. అయితే పెద్దవారు పక్కనుండి పిల్లలతో పాటు పాలుపంచుకున్న చోట లాభం కనిపించింది. ఫోను చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయే ఆట తయారు చేయవద్దు.

గూడబాతు
ఈ మాట కాస్త గుచ్చుకుంది. ఉదయం తడ ఊరికి షిఫ్టు పనికి వెళ్లి సాయంత్రం ఏడింటికి వస్తాను. పక్కన కూర్చునే ఓపిక ఉంటే ఆట కోసం ఎందుకు వెతుకుతాను?

మాటల_వైద్యం
తప్పు నాదే, అనే తీరు అది కాదు. రోజుకు పది నిమిషాలు చాలు, అదీ మీరే కానక్కరలేదు. అవ్వ కావచ్చు, పెద్దతరగతి పిల్ల కావచ్చు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం దగ్గరలో ఉంటే అక్కడి రిసోర్సు టీచరును కూడా అడగండి.

అక్షరాల_అంగడి
అచ్చు పనిలో ఉన్నవాడిగా నాలుగు మాటలు. డిస్లెక్సియా కోసమని ఓపెన్‌డిస్లెక్సిక్ అనే ఫాంటు ఒకటి తిరుగుతోంది. అది ఇంగ్లీషు లిపికి చేసినది, అక్కడ కూడా దానివల్ల చదివే వేగం పెరిగిందని పరీక్షల్లో గట్టిగా నిలవలేదు. అటువంటిదాన్ని తెలుగులో తయారు చేయించాలని డబ్బు తగలేయకండి. రంగు కళ్లద్దాల సంగతి కూడా అంతే. ఎడం మాత్రం పనికొస్తుంది. 2012లో ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలకు అక్షరాల మధ్య ఎడం పెంచి ఇస్తే డిస్లెక్సియా ఉన్నవారు తక్కువ తప్పులతో, ఎక్కువ వేగంతో చదివారు.

తెలుగులో ఎడం పెంచేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. కొన్ని ప్రోగ్రాములు వొత్తును కూడా వేరే అక్షరంగా లెక్కవేసి దూరం జరుపుతాయి. ‘అమ్మ’లో మ వొత్తు పక్కింటికి వెళ్లిపోతుంది. ఎడం అక్షరానికీ అక్షరానికీ మధ్యనే ఉండాలి. వరుసల మధ్య కూడా ధారాళంగా వదలండి, లేకపోతే పై వరుస వొత్తు కింది వరుస గుడికి తగులుతుంది. నోటో సాన్స్ తెలుగు వంటి సాదా ఫాంటు తీసుకుని, తెల్లటి తెల్లదనం కాకుండా లేత మీగడ రంగు వెనక వేసి, అక్షరాన్ని పెద్దది చేయండి. శుభలేఖల మీద వాడే వంకీల ఫాంట్ల జోలికి పోవద్దు.

పెన్నా_ఒడ్డు
నా ఆటలో వాడింది శుభలేఖల ఫాంటే. బొమ్మలకు నప్పిందని పెట్టాను.

కోడ్_గిత్త
పెళ్లి మీ మేనల్లుడిదా, ‘పలక’దా?

నల్లరాయి
చీమకుర్తిలో గ్రానైటు పాలిష్ యూనిట్‌లో పని చేస్తాను. ఇది నేను మాట్లాడుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. నాకు 41 ఏళ్లు, ఏడో తరగతిలో బడి మానేశాను. అప్పట్లో ఈ పేరు మాకు తెలియదు, ‘మొద్దు’ అన్న పేరు ఒక్కటే తెలుసు. ఒక మాస్టారు నన్ను నెల రోజులు చివరి బెంచీ మీద నిలబెట్టారు. నిలబడితే చదువు వస్తుందని ఆయన నమ్మకం.

నేను బస్సు బోర్డులు ఎలా చదువుతానో చెబుతాను, మీకు పనికొస్తుందేమో. మొదటి అక్షరం చూస్తాను, మాట పొడవు చూస్తాను, మిగతాది ఊహించుకుంటాను. మన వైపు ఊళ్లు చూడండి: కావలి, కనిగిరి, కలిగిరి, కందుకూరు, కొండపి, కోవూరు. అన్నీ ‘క’తోనే మొదలు. ఒకసారి నెల్లూరు బస్టాండులో కనిగిరి వెళ్లాలని కలిగిరి బస్సు ఎక్కాను. టికెట్టు తీసుకునేటప్పుడు కండక్టరు చెబితే తెలిసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టు నటించి దిగిపోయాను. ఆ రెండు ఊళ్ల మధ్య తేడా ఒక్క అక్షరం.

కావలి_పంతులమ్మ
కలిగిరి, కనిగిరి. ఇన్నేళ్లుగా మా ఊరి మీదుగా పోతున్న పాఠాన్ని ఎవరమూ చూడలేదు.

మాటల_వైద్యం
పెన్నా_ఒడ్డు గారు, మీ ఆట ఇదే. క, కా, కం, కొ, కో అన్నీ బోర్డుల మీదే ఉన్నాయి. మొదటి అక్షరంతో ఊహించేవాడికి ఇక్కడ దారి దొరకదు, చివరి వరకూ చదవాల్సిందే.

పెన్నా_ఒడ్డు
రాత్రంతా గీశాను. తెర మీద బస్టాండు. ఒక అవ్వ ‘నాయనా, నేను కనిగిరి పోవాలి’ అంటుంది, మాట వినిపిస్తుందే కానీ రాసి ఉండదు. మూడు బస్సులు వస్తాయి, బోర్డులు తప్ప మిగతావన్నీ ఒకే తీరుగా, ఒకే రంగులో ఉంటాయి. సరైన బస్సును తాకితే అవ్వ ఎక్కుతుంది, అప్పుడు మాత్రమే ఆ ఊరి బొమ్మ తెరుచుకుంటుంది. ఒంగోలుకు గిత్త, మైపాడుకు సముద్రం, ఉదయగిరికి కొండ మీది కోట, మార్కాపురానికి పలక. బొమ్మ ముందు రాదు, చదివిన తర్వాతే వస్తుంది. తప్పు బస్సు తాకితే కొట్టివేత గుర్తు ఉండదు. కండక్టరు బోర్డును ఒక్కో అక్షరంగా వేలు పెట్టి చదివి వినిపిస్తాడు, ఎవరూ నవ్వరు. గడువు లేదు, అవ్వకు తొందర లేదు.

కోడ్_గిత్త
గడువు సంగతి వెనక్కు తీసుకుంటున్నాను. కానీ నాణేలు ఉండాలి. పిల్లవాడు మళ్లీ ఎందుకు తెరవాలి?

మార్కాపురం_పలక
తర్వాతి ఊరు చూడటానికి. ఇంకో సంగతి, సున్నాకు ఒక బొమ్మ ఉచితంగా ఇస్తున్నాను. ‘బడి’ మధ్యలోకి సున్నా దొర్లుకుంటూ వస్తే చక్రమైపోయి ‘బండి’ అవుతుంది. ఫోను వద్దన్న మాట మీదే ఉన్నాను, ఇది పలక మీద కూడా ఆడవచ్చు.

కోడ్_గిత్త
మైకులో పిల్లవాడు చదివితే ఫోనే తప్పొప్పులు చెప్పేలా చేయగలను.

మాటల_వైద్యం
ఇప్పుడే వద్దు. తడబడుతూ, సాగదీస్తూ చదివే పిల్లవాడి గొంతును ఆ ప్రోగ్రాములు సరిగ్గా పట్టలేవు. సరిగ్గా చదివిన వాడికి ‘తప్పు’ అని వినిపిస్తే ఆ రోజుతో ఆట అయిపోతుంది. చదివింది విని టిక్కు పెట్టే పని పక్కనున్న పెద్దవారికి వదిలేయండి. వారిని కూర్చోబెట్టడానికి అదొక సాకు కూడా.

గూడబాతు
మా అత్తగారికి చదువు రాదు. ఆవిడ పక్కన కూర్చుంటే టిక్కు ఎలా పెడుతుంది?

పెన్నా_ఒడ్డు
మంచి ప్రశ్న. పెద్దవారికి ఒక చెవి గుర్తు పెడతాను. తాకితే సరైన పలుకు మెల్లగా వినిపిస్తుంది, మనవరాలు అన్నది దానితో కలిసిందో లేదో వారే చూసుకోవచ్చు.

గూడబాతు
అలాగైతే ఇద్దరికీ చదువు వస్తుందేమో.

కావలి_పంతులమ్మ
ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఆటలో తప్పులు చేసినంత మాత్రాన పిల్లవాడికి డిస్లెక్సియా అని తల్లిదండ్రులు తేల్చేసుకోకూడదు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలలో మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్లకు, ఏది ముందైతే అప్పుడు బడిలో పరిశీలించాలని ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో, డిస్లెక్సియా కూడా కిందికి వచ్చే ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ ఒకటి. మానేసరులోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం ‘డాలి’ అనే పరీక్షలను 2015లో తెచ్చింది, అప్పుడు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషులలో ఇచ్చారు. నిర్ధారణ అటువంటి పరీక్షలతో జరగాలి, బస్సు బోర్డులతో కాదు. ఆట మొదటి తెర మీద ఈ మాట రాయండి.

పెన్నా_ఒడ్డు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. పాత 40 బొమ్మలు పక్కన పెట్టేశాను. 12 ఊళ్లతో కొత్త ఆట సిద్ధమైంది. ఆదివారం మేనల్లుడి ముందు పెట్టాను, పక్కన మా అక్క కూర్చుంది. 38 రాలేదు. 12కు 5 వచ్చాయి. కానీ ‘కలిగిరి’ దగ్గర వాడు చాలాసేపు ఆగాడు. ‘క’ అన్నాడు, ‘లి’ దగ్గర వేలు తెర మీదే ఉంచి గుడిని పైనుంచి కిందికి ఒకసారి తడిమాడు, ‘లి’ అన్నాడు, తర్వాత ‘గిరి’ని ఒక్క ఊపులో లాగేశాడు. నేను అలవాటుగా అరచేయి అడ్డం పెట్టబోయి, అడ్డం పెట్టడానికి అక్కడ బొమ్మే లేదని గుర్తొచ్చి చేయి వెనక్కు తీసుకున్నాను.

‘కోవూరు’ దగ్గర మాత్రం అలిగి ఫోను విసిరేశాడు. ‘వూ’ ఆటలో చాలా ముందు వచ్చేసిందని ఒప్పుకుంటున్నాను.

మాటల_వైద్యం
‘పు’, ‘వు’ చివరకు అని చెప్పాను కదా.

పెన్నా_ఒడ్డు
చెప్పారు. కోవూరు మా అమ్మమ్మ ఊరు, వదలలేకపోయాను. తీసి చివరకు వేశాను. ఆట ఫైలు ఇక్కడ అడిగిన వారికి పంపుతున్నాను.

నల్లరాయి
నిన్న రాత్రి మా అమ్మాయి ఫోనులో ఆడాను. తొమ్మిది వచ్చాయి. కండక్టరు వేలు పెట్టి చదివేటప్పుడు కొంచెం వేగంగా పోతున్నాడు, ఆ వేలిని మెల్లగా కదిలేలా చేయండి. కనిగిరి, కలిగిరి బస్సులు రెండూ ఒకేసారి వచ్చే తెర మళ్లీ మళ్లీ రావాలి, దాన్ని నేను రెండుసార్లు తప్పాను.

పెన్నా_ఒడ్డు
వేలి వేగం సగానికి తగ్గించాను. ఆ తెర ఇప్పుడు నాలుగుసార్లు వస్తుంది.